రేవు లేని ఊరికి నాలుగు దీపాలు

తీరం వెంట చరిత్ర – 6

గత సంచికలో దుగరాజపట్నం దగ్గర ఆగాం. ఇంగ్లీషువాళ్లు ఆర్మగాన్ అని పిలుచుకున్న ఆ చిన్న స్థావరానికి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే, 1639లో తీరం పట్టుకుని దక్షిణంగా వెళ్లి, దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక నేల మీద కోట కట్టుకోవడానికి అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడు డే, అతనితోపాటు మచిలీపట్నం ఫ్యాక్టరీని నడిపిన ఆండ్రూ కోగన్, మనుషుల్నీ సామాన్లనూ ఓడలకెక్కించుకుని అక్కడికి చేరారు. అక్కడ లేచింది సెయింట్ జార్జి కోట. దాని చుట్టూ పెరిగింది మద్రాసు. అంటే ఆ మహానగరానికి పునాది వేసిన ఇద్దరు దొరలూ తెలుగు తీరం నుంచి వెళ్లినవాళ్లే.

కోటకు చోటు కుదిరింది. బట్ట నేసే చేతులు దగ్గర్లోనే దొరికాయి. స్థానిక నాయకుడి అండ కుదిరింది. కుదరనిది ఒక్కటే. ఓడ వచ్చి ఆగడానికి రేవు లేదు.

ఆ లోటు ఎంతటిదో తెలియాలంటే మన తీరాన్నే ఒకసారి తలచుకోవాలి. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ కాపు కాస్తుంది. కాకినాడ ముందు గోదావరి ఒండ్రుతో మేట వేసిన హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని కెరటాల్ని ఆపుతుంది. మద్రాసుకు కొండ లేదు, దీవి లేదు, ఓడ లోపలికి రాగల నదీముఖం లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీసినట్టు సాగే ఇసుక ఒడ్డు, దాని మీద రాత్రీ పగలూ విరిగిపడే అలలు, అంతే. ఐరోపా నుంచి వచ్చిన ఓడలు ఒడ్డుకు మైలు, రెండు మైళ్ల దూరంలో నడిసముద్రంలోనే లంగరు దించేవి. ప్రపంచంలో పెద్ద వర్తక నగరాల్లో ఒకటిగా ఎదిగిన ఊరు, రెండు వందల ఏళ్లకు పైగా ఇలాగే బతికింది. ఈ ఊరి దీపస్తంభాల కథ మామూలు దీపస్తంభాల కథలా ఉండకపోవడానికి కారణం ఇదే. మరో ఊళ్లో అయితే దీపం ఓడకు దారి చూపించి రేవులోకి పిలుస్తుంది. మద్రాసు దీపం చెప్పింది వేరు: ఊరు ఇక్కడుంది, నువ్వు అక్కడే ఆగు.

ఆగిన ఓడ నుంచి ఒడ్డుకు చేర్చే పని మసూలా పడవలది. ఆ పడవ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని నడిపిన పల్లెకారులు లేకపోతే మద్రాసులో వ్యాపారమే లేదు. మసూలా పడవలో ఇనుప మేకు ఉండదు. పలుచని చెక్కల్ని కొబ్బరి పీచు తాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. లోపల గట్టి అడ్డకర్రలు కూడా ఉండవు. మేకులు కొట్టి బిగించిన ఇంగ్లీషు పడవను కెరటం ఎత్తి ఇసుక మీద కొడితే చెక్కలు పగిలేవి. కుట్టిన పడవ ఆ దెబ్బకు వంగి, నలిగి, మళ్లీ నిలబడేది. కుట్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి ఊరుతూనే ఉంటాయి, ఒక మనిషి తోడి పోస్తూనే ఉంటాడు. తెడ్లు వేసేవాళ్లు పాట పాడుతూ, వెనక వచ్చే అల ఎత్తు చూసుకుని, సరిగ్గా దాని భుజం మీద ఎక్కి ఒడ్డుకు దూకాలి. క్షణం ముందో వెనకో అయితే పడవ అడ్డం తిరుగుతుంది. సరుకు పోతుంది, మనుషులూ పోతారు.

వీటి వెంట కట్టుమరాలు తిరిగేవి. అవి నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్పలే, కాని వాటికి భయపడే సముద్రం లేదు. మసూలా పడవ బయల్దేరలేని రోజున కూడా కట్టుమరం మనిషి తలమీది మొనదేలిన టోపీలో ఉత్తరాలు దాచుకుని, నీళ్లలో మునిగి తేలుతూ ఓడకు అందించేవాడు. గవర్నర్లు, జనరళ్లు, దొరసానులు, లండనుకు వెళ్లే అద్దకం గుడ్డల మూటలు, అక్కడి నుంచి వచ్చే వెండి, అన్నీ ఈ మనుషుల చేతుల మీదుగానే దాటాయి. ఈస్టిండియా కంపెనీ చరిత్రల్లో గవర్నర్ల పేర్లు వరసగా ఉన్నాయి. పడవ నడిపిన ఒక్కడి పేరు వెతికినా దొరకడం కష్టం.

పగటి సంగతి ఇది. రాత్రి సంగతి ఇంకో రకం.

కోరమాండల్ తీరం చాలా చదునైనది. సముద్రం మీంచి చూస్తే దగ్గరికి వచ్చేదాకా ఒడ్డు నీటి గీతలోనే కలిసి ఉంటుంది. పగలు వచ్చే నావికుడు పరంగిమలను, గుడి గోపురాలను, కోటలోని ఎత్తయిన జెండా స్తంభాన్ని ఆనవాలు పట్టేవాడు. చీకటి పడితే అవేవీ లేవు. పైగా ఈ తీరం వెంట ఋతుపవనాన్ని బట్టి ప్రవాహం దిశ మారుతుంది. కొద్ది నెలలు నీరు ఉత్తరానికి లాగుతుంది, కొద్ది నెలలు దక్షిణానికి. రాత్రి గాలి పడిపోయి, ఎక్కడున్నామో తెలియక కొట్టుకుపోయిన ఓడ తెల్లవారేసరికి మద్రాసు దాటిపోయి ఉండవచ్చు. ఉత్తరాన పులికాట్ దగ్గరి ఇసుక తిప్పల మీదకూ ఎక్కి ఉండవచ్చు.

ఈశాన్య ఋతుపవనం వచ్చిందంటే మద్రాసు ముందు నిలబడటమే ప్రమాదం. 1746లో ఫ్రెంచి సేనాని లా బూర్డొనే మద్రాసును పట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు ఓడిపోయారు. కాని నెల తిరక్కుండానే, అక్టోబరులో ఒక్క రాత్రి వచ్చిన తుఫాను అతని నౌకాదళాన్ని చిందరవందర చేసింది. కొన్ని ఓడలు మనుషులతో సహా మునిగిపోయాయి, మిగిలినవి కొయ్యలు విరిగి మిగిలాయి. అందుకే తర్వాతి కాలంలో అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా ఓడలు మద్రాసు ముందు లంగరు వేయడం మానేవి. ఏడాదిలో రెండు నెలలు ఊరు తలుపు వేసుకునేది.

ఈ తీరాన్ని శాస్త్రీయంగా కొలిచిన మొదటివాళ్లలో మైఖేల్ టాపింగ్ ఒకడు. కంపెనీ తరఫున కోరమాండల్ తీరం పొడుగునా సర్వే చేశాడు. కృష్ణా గోదావరుల నీళ్లను సేద్యానికి మళ్లించవచ్చా అని పరిశీలించాడు. మద్రాసు నుంగంబాకంలో ఖగోళ పరిశీలనాలయం కట్టించాడు. అందులో దుర్భిణి నిలబెట్టిన రాతి స్తంభం ఇప్పటికీ అక్కడుంది. దాని మీద 1792 సంవత్సరంతోపాటు చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. ఓడవాడికి తీరం ఎక్కడుందో చెప్పాలంటే ముందు తీరం ఎక్కడుందో మనకు తెలియాలి కదా. ఆ పనికే టాపింగ్ జీవితం ఖర్చయింది. 1796 జనవరిలో మచిలీపట్నంలో జ్వరంతో కన్నుమూశాడు.

అదే 1796లో మద్రాసులో మొదటి దీపం వెలిగింది.

దానికోసం ప్రత్యేకంగా స్తంభమేమీ కట్టలేదు. కోట లోపల సముద్రం వైపు కొత్తగా లేచిన ఎక్స్ఛేంజి భవనం ఉంది. కింద బ్యాంకు, మేడ మీద వర్తకులు కలుసుకునే పెద్ద హాలు. అక్కడే సభలు, అక్కడే లాటరీ డ్రాలు. ఆ భవనం కప్పు మీద పెద్ద లాంతరు కట్టి, కొబ్బరి నూనె పోసి, ఒత్తులు వెలిగించారు. దీపం సముద్ర మట్టానికి సుమారు 90 అడుగుల ఎత్తున ఉండేది. అప్పట్లో సముద్రం కోట గోడకు దగ్గరగానే ఉండేది కనుక మధ్యలో అడ్డం లేదు. వర్తకుల భవనం నెత్తిన వర్తకుల దీపం. ఓడ భద్రంగా వస్తే లాభం ఎవరిదో, దీపం ఎవరి కప్పు మీద ఉందో చూస్తే తెలుస్తుంది.

ఇంత ఎత్తు ఎందుకు అని అడగవచ్చు. దీపం ఎంత ప్రకాశంగా ఉన్నా భూమి గుండ్రం దాన్ని మింగేస్తుంది. 30 మీటర్ల ఎత్తున ఉన్న దీపం, నీటి మట్టాన కన్ను ఉన్న మనిషికి దాదాపు 20 కిలోమీటర్ల దాకే కనిపిస్తుంది. ఆ పైన అది దిగంతం కిందికి దిగిపోతుంది. చూసేవాడు ఓడ కొయ్య ఎక్కితే ఇంకొంత దూరం కలిసివస్తుంది. కాని దీపం ఎత్తు పెంచడం ఖరీదైన వ్యవహారం, ఎందుకంటే దూరం రెండింతలు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. మద్రాసు దీపం వందేళ్లలో మూడు చోట్ల మకాం పెట్టి, మారిన ప్రతిసారీ ఇంకాస్త పైకి ఎక్కడం వెనక ఈ లెక్క ఉంది.

మొదటి దీపం దాదాపు అర్ధశతాబ్దం పనిచేసింది. ఓడలు పెరిగాయి, రాత్రి ప్రయాణాలు పెరిగాయి. నూనె ఒత్తుల లాంతరు చాలదని తేలిపోయింది. కొత్త స్తంభానికి కోట ఉత్తరాన ఖాళీగా ఉన్న మైదానంలో స్థలం చూశారు.

ఆ మైదానం ఎలా ఖాళీ అయిందో చెప్పకుండా ముందుకు పోవడం సబబు కాదు. డే, కోగన్‌ల వెంటే వచ్చిన బేరి తిమ్మన్నలాంటి తెలుగు వర్తకులు, దుబాసీలు, నేతగాళ్లు కాపురం పెట్టిన పాత నల్లవాళ్ల ఊరు కోటకు ఆనుకుని అక్కడే ఉండేది. చెన్నకేశవ పెరుమాళ్ గుడీ అక్కడే ఉండేది. ఫ్రెంచివాళ్లతో యుద్ధాల తర్వాత, కోట గోడల మీంచి ఫిరంగి పేలిస్తే ఎదురు అడ్డం ఉండకూడదని ఇంగ్లీషువాళ్లు ఆ ఊరిని పడగొట్టి జనాన్ని ఉత్తరానికి జరిపారు. గుడిని వేరేచోట మళ్లీ కట్టారు. తర్వాత జార్జిటౌన్ అని పేరు పడ్డ పేట, అలా జరిగినవాళ్ల ఊరే. పాత ఇళ్ల పునాదుల మీద బయలు మిగిలింది. ఆ బయలులో దీపస్తంభం లేచింది.

దాన్ని కట్టినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జాన్ థామస్ స్మిత్. సున్నం సంగతి లోతుగా తెలిసినవాడు. ఫ్రెంచి ఇంజనీరు వికా సున్నాల మీద, సిమెంటుల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథాన్ని 1837లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. తర్వాత మద్రాసు టంకశాల అధికారిగానూ పనిచేశాడు. కడలి గాలికి సున్నం ఎలా పొడి అయి రాలిపోతుందో తెలిసిన మనిషి చేతికి ఈ పని రావడం అదృష్టమే అనాలి. గ్రీకు డోరిక్ శైలిలో, కింద లావుగా మొదలై పైకి పోనుపోను సన్నబడే ఒకే ఒక్క మహాస్తంభాన్ని గ్రానైటుతో నిలబెట్టాడు. లోపల చుట్టుమెట్లు. మొత్తం ఎత్తు 125 అడుగులు. 1844 జనవరి 1న దీపం వెలిగించారు.

ఈ స్తంభాన్ని చూస్తే నాకు కలిగే మొదటి భావం గౌరవం. తీరంలో కట్టిన కట్టడాల్లో చాలావాటికి నగలెక్కువ. దీనికి ఒక్క నగ లేదు. గ్రీకు గుడి ముందు వరసగా నిలబడాల్సిన స్తంభాల్లో ఒక్కదాన్ని పెరికి తెచ్చి, గుడి లేకుండా, కప్పు లేకుండా, దీపం మోయమని నిలబెట్టినట్టు ఉంటుంది. అయినా ఒంటరితనం కనిపించదు, నిబ్బరం కనిపిస్తుంది.

దీపం కూడా మారింది. మామూలు ఒత్తి చివర మండుతుంది, నడుమ పొగ చిమ్ముతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్గాండ్ 1780ల్లో ఒత్తిని గుండ్రని గొట్టంలా చేశాడు. గాలి బయట నుంచీ, గొట్టం లోపల నుంచీ అందుతుంది. పైన గాజు చిమ్నీ పెడితే గాలి ఇంకా జోరుగా లాగుతుంది. పొగ తగ్గి వెలుతురు పెరుగుతుంది. ఆ దీపాల వెనక వెండి పూత పూసిన గిన్నెల్లాంటి అద్దాలు పెట్టి, చుట్టూ చెదిరిపోయే వెలుగునంతా పోగుచేసి సముద్రం వైపు తిప్పడం ఆ కాలపు పద్ధతి. మద్రాసు స్తంభం మీద వెలిగినవీ ఆర్గాండ్ దీపాలే. నూనె, ఒత్తి, అద్దం, ఈ మూడింటినీ రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ఒత్తి కొన కత్తిరించాలి, మసి పట్టిన అద్దం తుడవాలి, నూనె మోసుకుని ఆ చుట్టుమెట్లన్నీ ఎక్కాలి. దీపం వెలుగు ఎన్ని మైళ్లు పోతుందన్నది సగం ఇంజనీరు పని, సగం ఈ మనిషి మోకాళ్ల పని.

మద్రాసులో కొత్త స్తంభం వెలిగిన తర్వాత తీరంలో వేరేచోట్లా దీపాలు లేచాయి. మూడేళ్లకు, 1847లో, భీమునిపట్నానికి ఉత్తరాన నీళ్లలో దాగిన రాళ్ల గురించి హెచ్చరించడానికి శాంతపిల్లి దీపస్తంభం కట్టారు. దాని కథ వేరే సంచికలో వివరంగా చెప్పుకుందాం.

ఇంతలో మద్రాసు తన పాత లోటును తీర్చుకోవడానికి నడుం కట్టింది. 1861లో కెరటాలు దాటి లోపలికి పొడుచుకువెళ్లే ఇనుప స్తంభాల వంతెన కట్టారు. అది చాలలేదు. 1875 డిసెంబరులో వేల్సు యువరాజు చేత కృత్రిమ రేవుకు శంకుస్థాపన చేయించారు. ఒడ్డు నుంచి రెండు చేతులు చాచినట్టు రాతి గోడలు సముద్రంలోకి నడిచి, తూర్పున ఓడ పట్టేంత సందు వదిలి కలుసుకోవాలి. గోడలు పూర్తి కావస్తుండగా 1881 నవంబరులో తుఫాను వచ్చి వాటిని విరగ్గొట్టింది. ఏళ్ల తరబడి పోసిన రాయి సముద్రం అడుగున పడింది. మళ్లీ మొదలుపెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్ స్ప్రింగ్ వచ్చి తూర్పు ముఖం మూసి, ఈశాన్య మూల కొత్త ముఖం తెరిచాక గాని రేవు రేవులా పనిచేయలేదు.

ఈ గోడలు అనుకోని పని ఒకటి చేశాయి. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి ఏటా ఇసుక కదిలిపోతూ ఉంటుంది. మధ్యలో గోడ అడ్డం రాగానే ఆ ఇసుక దక్షిణం వైపు ఆగి పేరుకోవడం మొదలుపెట్టింది. కోట కాళ్ల దగ్గర ఉన్న సముద్రం ఏటేటా దూరం జరిగింది. ఇవాళ జనం సాయంత్రాలు వెళ్లి కూర్చునే మెరీనా ఇసుకలో ఎక్కువ భాగం అలా చేరినదే. ఉత్తరాన రాయపురం వైపు మాత్రం ఇసుక అందక ఒడ్డు కోతకు గురైంది, అక్కడి పల్లెలు నష్టపోయాయి. ఒక ఊరు రేవు కట్టుకున్న ఖర్చును ఇంకో వైపు బెస్తవాళ్లు ఇళ్లతో చెల్లించారు. ఈ లెక్క రేవు ప్రారంభోత్సవాల ఉపన్యాసాల్లోకి రాలేదు.

స్తంభం పక్కన ఉన్న మైదానంలో 1888లో హైకోర్టు కట్టడం ప్రారంభమైంది. బ్రాసింగ్టన్ గీసిన నమూనాను హెన్రీ ఇర్విన్, స్టీఫెన్స్ పూర్తిచేశారు. 1892లో కోర్టు తెరిచారు. ఎర్ర ఇటుక గోడలు, గుమ్మటాలు, మినార్లు, వంకర తిరిగే వసారాలు, ఇండో సారసెనిక్ శైలి తన సొగసంతా ఇక్కడ ఒలకబోసింది. అందులో అన్నిటికన్నా ఎత్తయిన గుమ్మటం పాత స్తంభాన్ని మించిపోయింది. దీపం మోయడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్లో ఇంకొకటి లేదు. 1894 జూన్ 1న దీపం ఆ గుమ్మటం మీదికి మారింది. సముద్ర మట్టానికి దాదాపు 175 అడుగులు. ఇప్పుడు వెలిగేది కిరోసిను.

ప్రపంచంలో న్యాయస్థానం నెత్తిన దీపస్తంభం ఉన్న చోట్లు ఎన్ని ఉంటాయో గాని, మద్రాసు హైకోర్టు మాత్రం ఎనభై ఏళ్లకు పైగా ఆ రెండు పనులూ చేసింది. పగలు కింద వాదాలు, రాత్రి పైన వెలుగు. ఆ కోర్టుతో తెలుగువాళ్ల బంధం చిన్నది కాదు. బరంపురం నుంచి బళ్లారి దాకా కోస్తా, సీమ వ్యాజ్యాలన్నీ ఆఖరికి అక్కడికే చేరేవి. టంగుటూరి ప్రకాశం బారిస్టరుగా పేరూ డబ్బూ గడించిందీ, రాజకీయాల కోసం వదులుకున్నదీ ఆ కోర్టు ప్రాక్టీసునే. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా, అప్పీలు పట్టుకుని మెయిలు దిగిన ప్రతి తెలుగు కక్షిదారూ ఆ గుమ్మటం నీడలోంచి నడిచినవాడే.

ఈ మూడో దీపం జీవితంలో మరిచిపోలేని రాత్రి 1914 సెప్టెంబరు 22.

ఐరోపాలో యుద్ధం మొదలై రెండు నెలలైనా కాలేదు. ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక ఒంటరిగా బంగాళాఖాతంలోకి చొరబడింది. దానికి మూడు పొగగొట్టాలు. కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యూలర్ నాలుగో పొగగొట్టం కూడా ఉన్నట్టు ఉత్తుత్తి గొట్టం నిలబెట్టించి, దూరం నుంచి చూసేవాడికి అది ఇంగ్లీషు నౌకేమో అనిపించేలా చేశాడు. ఆ సెప్టెంబరులో కలకత్తా దారిలో తిరుగుతున్న వర్తక నౌకల్ని ఒకదాని తర్వాత ఒకటి ఆపాడు, మనుషుల్ని దింపి ఓడల్ని ముంచాడు. కలకత్తా వ్యాపారం స్తంభించింది. మ్యూలర్ దృష్టి మద్రాసు మీద పడింది. రేవు పక్కనే బర్మా ఆయిల్ కంపెనీ కిరోసిను ట్యాంకులు ఉన్నాయి.

ఆ రాత్రి మద్రాసు ఊరు దీపాలు ఆర్పలేదు. వీధి దీపాలు వెలుగుతున్నాయి, రేవు వెలుగుతోంది, హైకోర్టు గుమ్మటం మీద దీపం ఎప్పటిలాగే తన పని తాను చేస్తోంది. చీకట్లో లైట్లన్నీ ఆర్పుకుని వస్తున్న ఎమ్డెన్‌కు అంతకన్నా కావలసింది లేదు. ఏ శత్రువుకైనా తెలియని తీరాన ముందు తెలుసుకోవలసింది తానెక్కడున్నాడన్నది. ఆ సంగతి దీపమే చెప్పింది. నూట పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఓడకూ చెప్పినట్టే చెప్పింది.

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ ఒడ్డుకు దాదాపు మూడు వేల గజాల దూరంలో ఆగి సెర్చిలైట్లు వేసింది. ట్యాంకులు కనిపించాయి. ఫిరంగులు పేలాయి. కొద్దిసేపట్లోనే చమురు అంటుకుని ఆకాశమంతా ఎర్రబడింది. సుమారు 130 గుళ్లు పేల్చి, కోట ఫిరంగులు తేరుకుని జవాబు చెప్పేసరికి అది లైట్లు ఆర్పేసి చీకట్లోకి జారుకుంది. మొత్తం అరగంట. రేవులో ఉన్న ఒక వర్తక నౌకకు దెబ్బ తగిలింది, కొద్దిమంది చనిపోయారు. ఒక గుండు హైకోర్టు ఆవరణ గోడకు తగిలింది. ఆ చోట గోడకు బిగించిన ఫలకాన్ని ఇప్పటికీ చూడవచ్చు.

నష్టం డబ్బులో చూస్తే చమురు. మ్యూలర్ ఆశించింది వేరు. ఇంగ్లీషువాడి బలం మీద జనానికున్న నమ్మకం చెదరాలని, వర్తకులు బెదరాలని అతని ఉద్దేశం. అది నెరవేరింది. మరునాటి నుంచి రైల్వే స్టేషన్లు కిక్కిరిసిపోయాయి. మూటాముల్లె కట్టుకుని వేలాది మంది ఊరు వదిలారు. నెల్లూరు, బెజవాడ వైపు వెళ్లే బళ్లలోనూ మద్రాసు కథలే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి మద్రాసుకు తెచ్చి, ఆ ఏడు ఏప్రిల్‌లోనే దినపత్రికగా మొదలుపెట్టారు. తెలుగు దినపత్రికకు ఆరు నెలలు నిండకముందే యుద్ధం దాని గుమ్మం ముందుకే వచ్చి గుండు పేల్చింది. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ను ధ్వంసం చేసేదాకా ఈ తీరానికి కంటినిండా నిద్ర లేదు.

దీపాన్ని ఆ రాత్రి ఆర్పనందుకు అధికారుల్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. తప్పుపట్టడం న్యాయమే. యుద్ధంలో దీపం ఆర్పాలన్న ఇంగితం ఉండాలి. కాని దీపానికి ఆ తప్పు అంటదు. వచ్చేవాడు ఎవడని అడగకుండా, ప్రతివాడికీ ఒకే నిజం చెప్పడమే దాని ధర్మం. అడగడం మొదలుపెడితే ఏ నావికుడూ దాన్ని నమ్మడు. ఈ ధర్మం ఎంత ఖరీదైనదో మద్రాసు ఆ అరగంటలో తెలుసుకుంది. మర్నాడు మళ్లీ ఒత్తి వెలిగించక తప్పదనీ తెలుసుకుంది.

నాలుగో దీపం కథ మనలో చాలామందికి కళ్లెదుటిదే. మెరీనా దక్షిణపు కొసన కామరాజర్ సాలై పక్కన, ఎరుపు తెలుపు పట్టీలతో, మూడు పలకల ఆకారంలో నిలబడ్డ స్తంభం 1977 జనవరి 10 నుంచి పనిచేస్తోంది. లోపల పైకి వెళ్లడానికి లిఫ్టు ఉంది. సముద్ర మట్టానికి దీపం 57 మీటర్ల ఎత్తున ఉంటుంది, దాని కాంతికి లెక్కగట్టిన పరిధి 28 నాటికల్ మైళ్లు. ప్రతి పది సెకన్లకు రెండుసార్లు మెరుస్తుంది. ఈ లయే దాని సంతకం. తీరంలో ఏ రెండు పొరుగు దీపాలకూ ఒకే లయ ఉండకుండా చూస్తారు. చీకట్లో నావికుడు గడియారం చూసి మెరుపులు లెక్కపెట్టి, పట్టిక తిరగేసి, ఇది మద్రాసే అని తేల్చుకుంటాడు. 1796 నాటి కొబ్బరి నూనె లాంతరుకు ఈ భాష తెలియదు. అది వెలిగేది, అంతే.

భద్రతా కారణాలతో చాలాకాలం మూసి ఉంచిన ఈ స్తంభం పైభాగం 2013లో మళ్లీ జనానికి తెరిచారు. పైన నిలబడి ఉత్తరానికి చూస్తే దూరంగా రేవు గోడలు, వాటికి ఇవతల ఆ గోడలు పోగుచేసిన మెరీనా ఇసుక విశాలంగా కనిపిస్తాయి. హైకోర్టు గుమ్మటం మీద ఇప్పుడు దీపం లేదు. స్మిత్ కట్టిన గ్రానైటు స్తంభం మాత్రం కోర్టు ఆవరణలోనే ఉంది. నల్లకోట్ల వకీళ్లు ఫైళ్లు పట్టుకుని దాని పక్క నుంచే హడావిడిగా నడుస్తుంటారు. మొదటి దీపం మోసిన ఎక్స్ఛేంజి భవనంలో 1948 నుంచి కోట మ్యూజియం నడుస్తోంది. టికెట్టు కొని మేడ ఎక్కితే వర్తకుల హాలులో నడవవచ్చు. చెన్నై వెళ్లే తెలుగు పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఈ నాలుగింటినీ ఒకే పూట వరసగా చూడండి. కోట దగ్గర మొదలుపెట్టి మెరీనా కొసకు వచ్చేసరికి, ఒక రేవు లేని ఊరు రేవు ఎలా కట్టుకుందో, అందుకు సముద్రం ఎంత జరిగిందో కాళ్లతోనే కొలవవచ్చు.

వచ్చే సంచికలో ఉత్తరానికి తిరిగి గోదావరి మొగకు వెళ్దాం. 1867 జూన్ 19న అమెరికా నౌకాదళానికి చెందిన యుద్ధనౌక శాక్రమెంటో కాకినాడ దగ్గరి తిప్ప మీద ఎక్కి పగిలిపోయింది. మనుషులందరూ ప్రాణాలతో బయటపడ్డారు, ఓడ మిగల్లేదు. ఆ అమెరికా ఓడ పేరు మన గోదావరి తిప్పకూ, అక్కడి దీపస్తంభానికీ ఎలా అంటుకుందో అప్పుడు చూద్దాం.